షీల్డు ఒకరికి, కప్పు ఇంకొకరికి: 2021-22 ఐఎస్ఎల్ సీజన్‌పై కేస్ స్టడీ

2022 మార్చి 7న జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే లీగ్ విన్నర్స్ షీల్డు అందుకుంది. మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఫైనల్ గెలిచి ఐఎస్ఎల్ ట్రోఫీ ఎత్తింది. ఇరవయ్యేసి మ్యాచ్‌లు ఆడాక జంషెడ్‌పూర్‌కి 43 పాయింట్లు, హైదరాబాద్‌కి 38. ఐదు పాయింట్లు చిన్న తేడా ఏమీ కాదు. అయినా రికార్డుల్లో ఆ ఏడాది ‘చాంపియన్’ అన్న మాట హైదరాబాద్ పేరు పక్కనే కనిపిస్తుంది. మన జట్టు కాబట్టి మనం పండగ చేసుకున్నాం, చేసుకోవాలి కూడా. కానీ టోర్నమెంట్ నడిపేవాళ్లు ఈ సీజన్‌ని అభిమానుల్లా చూసి వదిలేస్తే లాభం లేదు.

కాలేజీ, జిల్లా స్థాయి ఫుట్‌బాల్ పోటీలకు ఫార్మాట్, నిబంధనల కాగితం తయారు చేయడం నా పని. కొత్త నిర్వాహకులు ‘లీగ్ పెడదామా, నాకౌట్ పెడదామా, రెండూ కలిపేద్దామా’ అని అడిగితే నేను ముందు ఈ సీజన్‌నే విప్పి చూపిస్తాను. రెండూ కలిపితే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చెప్పే ఉదాహరణ మన దేశంలో నాకు మరొకటి దొరకలేదు.

ఫార్మాట్

11 జట్లు. ప్రతి జట్టూ మిగతా పదింటితో రెండేసిసార్లు ఆడాలి. మొత్తం 110 మ్యాచ్‌లు. కోవిడ్ బయో బబుల్ వల్ల అన్నీ గోవాలోనే, ఫటోర్డా, బాంబోలిం, వాస్కో మైదానాల్లో జరిగాయి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. పట్టికలో మొదటి స్థానానికి షీల్డు. మొదటి నాలుగు జట్లు సెమీస్‌కి: ఒకటో జట్టు నాలుగో జట్టుతో, రెండోది మూడోదానితో, రెండేసి అంచెల్లో (అంటే రెండేసి మ్యాచ్‌లు, గోల్స్ కలిపి లెక్క). ఆపైన ఒకే మ్యాచ్‌తో ఫైనల్. అన్నీ కలిపి 115 మ్యాచ్‌లు.

అవే 11 జట్లకు నేరుగా నాకౌట్ పెడితే 10 మ్యాచ్‌లతో పని అయిపోతుంది. ప్రతి మ్యాచ్ ఒక జట్టును ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్కటే మిగలాలి. అందుకే ఎన్ని జట్లున్నా అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లు చాలు. కాకపోతే 11 జట్లతో జతలు సమంగా కుదరవు. తొలి రౌండ్‌లో మూడే మ్యాచ్‌లు పెట్టి, ఐదు జట్లకు బై (ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి వెళ్లే అవకాశం) ఇచ్చి, ఎనిమిదికి తేవాలి. ఆ బైలు ఎవరికి అన్న దగ్గరే మన ఊళ్లలో గొడవలు మొదలవుతాయి.

షీల్డు ఐఎస్ఎల్‌లో మొదటినుంచీ లేదు, 2019-20లో వచ్చింది. తొలి షీల్డు ఎఫ్‌సీ గోవాది. దాంతోనే ఆసియా చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరిన మొదటి భారత క్లబ్ అయింది. అంతకుముందు పట్టికలో మొదటి స్థానంలో నిలిచినా పేరు తప్ప చేతికి వచ్చేదేమీ లేదు.

పట్టిక ఎలా తేలింది

ముందు ఓటముల లెక్క చూడండి. జంషెడ్‌పూర్ 13 గెలిచి, 4 డ్రా చేసుకుని, 3 ఓడింది. మూడో స్థానంలో ఉన్న ఏటీకే మోహన్ బగాన్ 10 గెలిచి, 7 డ్రా చేసుకుని, తనూ 3 మాత్రమే ఓడింది. అంటే రెండిటికీ ఓటములు సమానమే. మూడు డ్రాలు గెలుపులుగా మారినందుకు 6 పాయింట్లు తేడా వచ్చింది. గెలుపుకి 2 పాయింట్లే ఇచ్చే పాత పద్ధతిలో అది 3 పాయింట్ల తేడా అయ్యేది. గెలుపుకి మూడు పాయింట్లు ఇంగ్లండ్‌లో 1981లో మొదలై, 1994లో ప్రపంచకప్‌కి చేరింది. డ్రాతో సర్దుకుపోయే జట్టుకి ఆ పద్ధతిలో శిక్ష పడుతుంది. దీన్ని హైదరాబాద్ ముందు ఏడాదే అనుభవించింది. 2020-21లో 20 మ్యాచ్‌లలో మూడే ఓడి, ఏకంగా 11 డ్రాలు చేసుకుని, 29 పాయింట్లతో ఐదో స్థానంలో ఆగిపోయింది. చివరి లీగ్ మ్యాచ్‌లో గోవాపై తప్పనిసరిగా గెలవాలి. 0-0 అయింది. గోవా సెమీస్‌కి వెళ్లింది.

2021-22లో షీల్డు కథ చివరి పది రోజుల్లో మలుపు తిరిగింది. మార్చి 1న జంషెడ్‌పూర్ 3-0తో హైదరాబాద్‌ని ఓడించింది. ఆఖరి లీగ్ మ్యాచ్ మార్చి 7న, జంషెడ్‌పూర్‌కీ మోహన్ బగాన్‌కీ మధ్య. అప్పటికి జంషెడ్‌పూర్‌కి 40, బగాన్‌కి 37. బగాన్ గెలిస్తే ఇద్దరూ 40 దగ్గర నిలుస్తారు. అప్పుడేం చేయాలి?

అప్పటి ఐఎస్ఎల్ నిబంధన ప్రకారం పాయింట్లు సమానమైతే ముందు ఆ రెండు జట్ల ముఖాముఖి పాయింట్లు చూసేవారు, తర్వాత ముఖాముఖి గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది), అదీ తేలకపోతే సీజన్ మొత్తం గోల్ తేడా. డిసెంబర్ 6న జరిగిన మొదటి మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ 2-1తో గెలిచింది. కాబట్టి బగాన్ ఒక్క గోల్ తేడాతో గెలిస్తే ముఖాముఖి అన్నివిధాలా సమానమైపోతుంది. లెక్క మొత్తం గోల్ తేడాకి వెళ్తుంది, అందులో జంషెడ్‌పూర్ బాగా ముందుంది. బగాన్‌కి రెండు గోల్స్ తేడాతో గెలుపు కావాలి. జంషెడ్‌పూర్ ఒక గోల్ తేడాతో ఓడినా షీల్డు తనదే. చివరికి రిత్విక్ దాస్ గోల్‌తో 1-0గా గెలిచి, వరుసగా ఏడో విజయంతో తీసుకెళ్లింది.

ప్రీమియర్ లీగ్‌లోలా మొత్తం గోల్ తేడానే ముందు చూసి ఉంటే బగాన్‌కి ఆ రెండు గోల్స్ కూడా సరిపోయేవి కావు, ఆ మ్యాచ్ సగం చచ్చిన మ్యాచ్ అయ్యేది. ముఖాముఖి లెక్క దాన్ని బతికించింది. అయితే ఇది రెండువైపులా పదునున్న నిబంధన. 2006-07 స్పెయిన్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరి 76 పాయింట్లు సాధించాయి. గోల్ తేడా బార్సిలోనాకి 45, మాడ్రిడ్‌కి 26. ఇంగ్లండ్ పద్ధతైతే టైటిల్ బార్సిలోనాదే. కానీ ముఖాముఖిలో మాడ్రిడ్ ఒకటి 2-0తో గెలిచి, ఒకటి 3-3తో డ్రా చేసుకుంది కాబట్టి కప్పు మాడ్రిడ్‌కి వెళ్లింది. అటు ఇంగ్లండ్‌లో 2011-12లో రెండు మాంచెస్టర్ జట్లూ 89 దగ్గర నిలిస్తే, 8 గోల్స్ తేడాతో సిటీ గెలిచింది. ఆ ఏడు సిటీ ముఖాముఖిలోనూ యునైటెడ్‌ని రెండుసార్లు ఓడించింది గనక ఎవరూ నోరెత్తలేదు.

ఏది న్యాయం? నా లెక్కలో ఇది వయసును బట్టి, జట్ల స్థాయిని బట్టి తేల్చుకోవలసిన విషయం. చిన్నపిల్లల పోటీల్లో గోల్ తేడా ముందు పెడితే చివరి రోజు బలహీనమైన జట్టుని దొరికించుకుని పది, పన్నెండు గోల్స్ కొట్టే పరుగు మొదలవుతుంది. టైటిల్ ఆ ఓడిపోయే పిల్లల ఓపిక మీద ఆధారపడుతుంది. అలాంటిచోట నేను ముఖాముఖినే ముందు రాస్తాను. మూడు జట్లు సమానమైతే ఆ మూడిటి మధ్య జరిగిన మ్యాచ్‌లతో విడిగా ఒక చిన్న పట్టిక వేయాలి. ఈ వాక్యం కాగితంలో లేకపోతే సాయంత్రం ఆరింటికి స్కోరర్ టేబుల్ చుట్టూ మూడు జట్ల మేనేజర్లు చేరతారు, ఇక చీకటి పడేదాకా తెగదు.

నాలుగో స్థానం

ఈ సీజన్‌లో నాకు ఎక్కువ ఇష్టమైన ముక్క ఇది. మార్చి 5న హైదరాబాద్ తన ఆఖరి లీగ్ మ్యాచ్‌లో ముంబై సిటీని 2-1తో ఓడించింది. హైదరాబాద్ అప్పటికే సెమీస్‌కి చేరిపోయింది. ఆ ఓటమితో ముంబై 31 దగ్గరే ఆగిపోయి, 33 పాయింట్లున్న కేరళ బ్లాస్టర్స్ నాలుగో జట్టుగా ఖాయమైంది. మర్నాడు గోవాతో కేరళ 4-4 డ్రా ఆడింది కానీ దానితో పని లేదు. అంటే ఫైనల్‌లో తనకు ఎదురు నిలిచిన జట్టును సెమీస్‌కి చేర్చింది హైదరాబాదే.

ఇక్కడ నిర్వాహకులు పట్టుకోవాల్సింది షెడ్యూల్. ముంబై ఫలితం తెలిశాక కేరళ మైదానంలోకి దిగింది. ఈసారి ఎవరికీ నష్టం జరగలేదు. 1982 ప్రపంచకప్‌లో జరిగింది. అదే గ్రూప్‌లోని అల్జీరియా తన మ్యాచ్ ముందురోజే ముగించుకుంది. ఏ స్కోరైతే తమ ఇద్దరికీ సరిపోతుందో పశ్చిమ జర్మనీకీ ఆస్ట్రియాకీ తెలుసు. జర్మనీ తొందరగా ఒక గోల్ కొట్టింది, మిగతా ఆటంతా ఇద్దరూ బంతిని అటూ ఇటూ తోసుకున్నారు. 1-0తో ఇద్దరూ ముందుకెళ్లారు, అల్జీరియా ఇంటికెళ్లింది. తర్వాతి ప్రపంచకప్ నుంచి గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెట్టడం మొదలైంది. మనకు ఒకే గ్రౌండ్ ఉంటుంది కదా అంటారు. ఆ ఒక్క రోజుకి పక్క కాలేజీ గ్రౌండ్ అడగండి. మిగతా రోజుల్లో అవసరం లేదు.

సెమీస్

వీటిలో పెద్ద చిక్కు లేదు. హైదరాబాద్ తొలి అంచెలో బగాన్‌పై 3-1తో గెలిచి, రెండో అంచెలో 0-1తో ఓడింది. కలిపితే 3-2. కేరళ తొలి అంచెలో 1-0తో గెలిచి, రెండోది 1-1 చేసుకుని, మొత్తం 2-1తో జంషెడ్‌పూర్‌ని బయటికి పంపింది. అంటే పట్టికలో మొదటి జట్టు నాలుగో జట్టు చేతిలో, 9 పాయింట్లు వెనకున్న జట్టు చేతిలో, ఐదు రోజుల్లో రెండు మ్యాచ్‌లతో ఇంటికెళ్లింది.

ఫైనల్

ఈ రెండు జట్లూ లీగ్‌లో ఒకరినొకరు ఒక్కోసారి ఓడించుకున్నాయి. జనవరి 9న కేరళ 1-0తో, ఫిబ్రవరి 23న హైదరాబాద్ 2-1తో. ఫైనల్‌లో 68వ నిమిషంలో కేపీ రాహుల్ కేరళకు గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో సబ్‌గా వచ్చిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయట నుంచి వాలీతో (బంతి నేల తాకకముందే కొట్టి) సమం చేశాడు. 30 నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్‌లో ఏమీ తేలలేదు. మూడు మ్యాచ్‌లూ కలిపి 300 నిమిషాల ఆట, స్కోరు 3-3. ఇంతకన్నా సమానంగా రెండు జట్లుండవు. కానీ కప్పుని రెండు ముక్కలు చేయలేం కదా.

ఇక మిగిలింది పెనాల్టీ కిక్‌ల షూటౌట్. దాన్ని లాటరీ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ రాత్రి జరిగింది చూడండి. కేరళ ముందు కొట్టింది. లెస్కోవిచ్ కొట్టిన మొదటి కిక్‌ను హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి ఆపాడు. జొవావ్ విక్టర్ హైదరాబాద్‌కి గోల్ చేశాడు. నిషు కుమార్ కొట్టాడు, కట్టిమణి ఆపాడు, కానీ గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. కిక్ కొట్టే క్షణంలో గోల్‌కీపర్ ఒక కాలైనా గీత మీద గానీ దానికి సరిగ్గా పైన గానీ ఉండాలన్నది అప్పటి నిబంధన. నిషు మళ్లీ కొట్టాడు, కట్టిమణి మళ్లీ ఆపాడు. సివెరియో మిస్ చేశాడు. ఆయుష్ అధికారి కేరళకు ఒకటి వేశాడు, కమారా ఇటు వేశాడు. జీక్సన్ సింగ్‌ది మళ్లీ కట్టిమణి చేతుల్లోకి. ఇక హైదరాబాద్ నాలుగో కిక్ హలిచరణ్ నర్జారీది, ఒకప్పుడు కేరళకే ఆడినవాడు. గోల్. 3-1. కేరళకు ఒక్క కిక్కే మిగిలింది, రెండు గోల్స్ వెనకబడి ఉంది. అందుకే ఐదో కిక్ అవసరం పడలేదు. ఈ సంగతి మన రిఫరీలకు ముందే చెప్పి ఉంచాలి. షూటౌట్ తేలిపోయాక కూడా కొట్టిస్తూనే ఉన్న సందర్భాలు చూశాను.

ఇదే ఫటోర్డాలో 2015 ఫైనల్‌లో గోవా గోల్ ముందు నిలబడ్డవాడూ లక్ష్మీకాంత్ కట్టిమణే. అప్పుడు 90వ నిమిషంలో అతని సెల్ఫ్ గోల్, ఆ వెంటనే ఇంకొకటి, చెన్నయిన్ 3-2తో కప్పు ఎత్తుకెళ్లింది. ఫార్మాట్ గురించి రాస్తూ ఇది ఎందుకంటే ఏం చెప్పను, రాయకుండా ఉండలేకపోయాను.

43 పాయింట్లతో ఏం కొనుక్కోవచ్చు?

అసలు ప్రశ్న ఇది. పట్టికలో మొదటి స్థానం నాకౌట్‌లోకి ఏం తెచ్చిపెట్టింది? ఎదురుగా నాలుగో జట్టు వచ్చింది, అంతే. మైదానాలన్నీ గోవాలోనే కాబట్టి సొంతగడ్డ లాభం లేదు. బై లేదు. డ్రా అయితే పైనున్న జట్టు ముందుకెళ్తుందన్న వెసులుబాటు లేదు. ఫైనల్‌లో హైదరాబాద్‌కి తన పైస్థానం వల్ల దక్కినదల్లా పసుపు జెర్సీ. కేరళదీ పసుపే, స్టేడియమంతా పసుపే, కానీ పట్టికలో పైన ఉన్నది హైదరాబాద్ కాబట్టి బ్లాస్టర్స్ నల్ల జెర్సీలో దిగాల్సి వచ్చింది. ఎంసెట్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడూ, చివరి సీటు దొరికినవాడూ కాలేజీలో మొదటి రోజు ఒకే బెంచీ మీద కూర్చున్నట్టే సెమీస్ మొదలయ్యాయి.

నిర్వాహకుల మనసులో ఏముందో ప్రైజ్ మనీ చెప్తుంది. ఆ ఏడాది షీల్డు బహుమతిని 50 లక్షల నుంచి 3.5 కోట్లకు పెంచారు. చాంపియన్ బహుమతిని 8 కోట్ల నుంచి 6 కోట్లకు తగ్గించారు. షీల్డుకి విలువ పెంచాలనే ఉద్దేశం కనిపిస్తోంది. కానీ 6 ఎప్పుడూ 3.5 కన్నా ఎక్కువే. ఆసియా పోటీలకు దారి మాత్రం ఉల్టా. అప్పట్లో ఆసియా చాంపియన్స్ లీగ్‌కి దారి షీల్డుది, కిందిస్థాయి ఏఎఫ్‌సీ కప్‌కి దారి ట్రోఫీది. పైగా ఆసియా క్యాలెండర్ మారడంతో రెండు సీజన్ల విజేతలు ఒకే సీటు కోసం ఆడాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మంజేరిలో జంషెడ్‌పూర్ 1-3తో ముంబై చేతిలో ఓడింది. మే నెలలో కోళికోడ్‌లో హైదరాబాద్ కూడా 1-3తోనే బగాన్ చేతిలో ఓడింది. ఏడాది కష్టం మీద గెలిచిన సీటు, ఇంకో ఏడాది తర్వాత ఒక్క మ్యాచ్‌లో పోయింది.

మరుసటి ఏడు

2022-23లో ఐఎస్ఎల్ ఫార్మాట్ మార్చింది. మొదటి రెండు జట్లు నేరుగా సెమీస్‌కి. మూడు నుంచి ఆరు దాకా ఉన్న జట్లు పైజట్టు మైదానంలో ఒక్క మ్యాచ్ నాకౌట్ ఆడి రావాలి. సొంత మైదానాలు తిరిగొచ్చాయి. కాగితం మీద బాగుంది. ఫలితం చూడండి. మొదటి స్థానంలో 46 పాయింట్లతో ముంబై, రెండో స్థానంలో 42తో హైదరాబాద్. మూడు, నాలుగు స్థానాల్లోని బగాన్, బెంగళూరులకు చెరి 34. సెమీస్‌లో ముంబై, బెంగళూరు కలిపి 2-2, షూటౌట్‌లో బెంగళూరు 9-8. హైదరాబాద్, బగాన్ రెండు అంచెలూ 0-0, షూటౌట్‌లో బగాన్ 4-3. పట్టికలో పై రెండు జట్లూ చెరో షూటౌట్‌తో పోయాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ రెండు సెమీస్‌లోనూ తొలి అంచె పైజట్టు మైదానంలో, రెండో అంచె కిందిజట్టు మైదానంలో జరిగింది. ఎక్స్‌ట్రా టైమ్, షూటౌట్ ఎప్పుడూ రెండో అంచె చివరే వస్తాయి. హైదరాబాద్ గచ్చిబౌలిలో 90 నిమిషాలు ఆడి, కోల్‌కతాలో 120 నిమిషాలూ షూటౌటూ ఆడింది. పట్టికలో పైన నిలిచినందుకు దక్కాల్సిన లాభం అక్కడే చేజారింది.

మెక్సికో లీగ్‌లో క్వార్టర్స్‌లోనూ సెమీస్‌లోనూ మొత్తం స్కోరు సమమైతే పట్టికలో పైనున్న జట్టు ముందుకెళ్తుంది, షూటౌట్ ఉండదు. ఆ నిబంధన ఇక్కడ ఉండి ఉంటే 2023 ఫైనల్ ముంబైకీ హైదరాబాద్‌కీ మధ్య జరిగేది. కానీ 2022లో జంషెడ్‌పూర్‌ని అదీ కాపాడలేదు, ఓడింది కాబట్టి. దాన్ని కాపాడగలిగి ఉండేది మనకు బాగా తెలిసిన ఐపీఎల్ పద్ధతి ఒక్కటే. మొదటి రెండు జట్లు మొదట తమలో తాము ఆడతాయి, ఓడినదానికి రెండో అవకాశం ఉంటుంది.

మా కాగితంలో

లీగ్ పెట్టి ఆపైన నాకౌట్ పెట్టేటప్పుడు, లీగ్‌లో పైస్థానం నాకౌట్‌లో ఏం ఇస్తుందో ఒక్క వాక్యంలో రాసి, అన్ని జట్ల మేనేజర్ల చేతా మొదటి బంతి ముందే సంతకం చేయిస్తాను. రెండు అంచెలైతే రెండో అంచె పైజట్టు మైదానంలో. మా పోటీల్లో చాలావాటికి అంత సమయం ఉండదు, ఒక్క మ్యాచ్ సెమీసే. అక్కడ 90 నిమిషాలకు సమంగా ఉంటే పట్టికలో పైనున్న జట్టు ఫైనల్‌కి వెళ్తుందని రాస్తున్నాను. ఎండలో వరసగా మ్యాచ్‌లు ఆడిన పిల్లలకు ఎక్స్‌ట్రా టైమ్ బాధ తప్పుతుంది. లీగ్ ఆఖరి రోజు రెండో స్థానం కోసం కూడా జట్లు సీరియస్‌గా ఆడతాయి. కిందిజట్టు మేనేజర్లు అభ్యంతరం చెప్తారు. పైకి రావడానికి మీకూ అన్నే మ్యాచ్‌లు దొరికాయి కదా అంటాను.

కార్డుల సంఖ్యను మాత్రం టైబ్రేకర్లలో (జట్లు సమానమైనప్పుడు తేల్చే లెక్కల్లో) బాగా కింద పెడతాను. 2018 ప్రపంచకప్‌లో జపాన్, సెనెగల్ పాయింట్లు, గోల్ తేడా, గోల్స్, ముఖాముఖి అన్నిట్లోనూ సమానమై, 4 ఎల్లో కార్డులున్న జపాన్, 6 ఉన్న సెనెగల్‌ని దాటింది. ఆ లెక్క తెలిసిన జపాన్ ఓడిపోతున్న మ్యాచ్‌లోనే చివరి నిమిషాలు బంతిని వెనక్కి తోసుకుంటూ గడిపింది. మన దగ్గరైతే ఆ గొడవ ఆటగాళ్ల మధ్య ఆగదు, ఎల్లో కార్డు చూపించిన రిఫరీ మీదకి వెళ్తుంది.

పైజట్టుకి మొగ్గు అన్న నిబంధన ఫైనల్‌కి పెట్టను. డ్రా చాలనుకున్న జట్టు చివరి అరగంట కార్నర్ జెండా దగ్గరే బంతిని దాచుకుంటుంది, చూడటానికి వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతారు. అక్కడ ఎక్స్‌ట్రా టైమ్, ఆపైన ఐదేసి కిక్‌లు. ముందు ఎవరు కొట్టాలన్నది టాస్ గెలిచిన కెప్టెన్ ఇష్టం.